బి షిఫ్టు వారం

లా చదవాలనుకునే ఆడపిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. కుర్చీలో సర్దుకుని కూర్చుని, నోటుబుక్కు తెరిచి, "మొదట ఏ పుస్తకం చదవమంటారు మేడమ్?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. పాపం వాళ్ళ తప్పేమీ లేదు. ఆ వయసులో నేనూ అదే అడిగాను. అడిగిన ప్రతివాళ్ళూ నాకు పుస్తకాల పేర్లు చెప్పారు గానీ, కాలేజీకి ఎలా వెళ్తావు, ఎలా తిరిగొస్తావు అని ఒక్కరూ అడగలేదు. అందుకని నేను పుస్తకాల సంగతి పక్కనపెట్టి "సైకిలు తొక్కడం వచ్చా?" అంటాను. పిల్లలు నవ్వుతారు. నేను నవ్వను.

డెబ్బైల చివర్లో మేము జంషెడ్‌పూర్ భాలుబాసాలో ఉండేవాళ్ళం. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి ఒక మిల్లులో కుదురుకున్నాడు. మా ఇళ్ళ వరసలో తెలుగువాళ్ళకి ఏ ఆఫీసు కాగితం వచ్చినా ముందు మా ఇంటికే వచ్చేది. ఛార్జిషీటుకి జవాబు, సెలవు అర్జీ, క్వార్టరు కోసం దరఖాస్తు, అన్నీ నేనే రాసిపెట్టేదాన్ని. హైస్కూలు రోజుల నుంచీ అదే పని. బి.ఎ. అయ్యాక లా చేరతానంటే నాన్న ఒక్క మాట అడ్డు చెప్పలేదు.

"సదువుకో తల్లీ. ఇంతమంది కాయితాలు రాత్తన్నావు, అదేదో లాయరువయ్యే రాయి," అన్నాడు. కాకపోతే, కాలేజీకి తనే దిగబెడతానన్నాడు, తనే తీసుకొస్తానన్నాడు. నాకు ఆ మాట అప్పుడు ముద్దుగానే వినిపించింది.

క్లాసులు సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా. ఉద్యోగస్తుల వీలు కోసం పెట్టిన వేళలవి. ఇంటి నుంచి గంట నడక. నాన్న సైకిలు కారియర్ మీద నన్ను కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. ఎ షిఫ్టు వారం మధ్యాహ్నం రెండింటికే డ్యూటీ దిగేవాడు. సి షిఫ్టు వారం రాత్రి పదింటికి గానీ డ్యూటీ ఎక్కేవాడు కాదు. ఆ రెండు వారాలూ ఏ ఇబ్బందీ లేదు. మూడో వారం బి షిఫ్టు. రెండింటి నుంచి పదింటి దాకా ఆయన మిల్లులో, నేను ఇంట్లో.

"నేనొక్కదాన్నే వెళ్తానమ్మా," అని అడిగితే అమ్మ చీపురు పక్కన పడేసి మరీ వచ్చేది.

"సీకటడ్డాక ఒక్కదానివీ ఎలాగొత్తావే? నీకేటైనా అయితే మీ నాన్నకి నానేటి సెప్పాల?"

"కుఛ్ నహీఁ హోగా, అమ్మా." ఏమీ కాదులే అని. చిరాకెత్తితే నాకు హిందీ వచ్చేది.

"ఆ ఇందీ నా దగ్గిరొద్దు. కూకో."

కూర్చునేదాన్ని. గడియారంలో ఐదున్నర అయ్యేది. అవతల క్లాసులో కాంట్రాక్టు చట్టం నడుస్తుండేది, ఇవతల నేను బియ్యంలో రాళ్ళు ఏరుతుండేదాన్ని.

మా రిజిస్టరులో అరవై మంది. అందులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. బెంచీల మీద మాత్రం ఏ రోజు చూసినా ఇరవై మందికి మించి ఉండేవారు కాదు. తక్కినవాళ్ళంతా ప్రమోషన్ కోసం పేరు రాయించుకున్న ఉద్యోగస్తులు. కోర్టు నుంచి నల్లకోటుతో సరాసరి వచ్చే లెక్చరర్ తల వంచుకుని అంకెలు చదువుకుపోయేవారు. వెనక బెంచీలో ముగ్గురు, రానివాళ్ళందరికీ వంతులేసుకుని "ఎస్ సర్" పలికేవారు. ఒకాయనది బొంగురు గొంతు, ఒకాయనది సన్నగొంతు, మూడో ఆయన దగ్గి మరీ పలికేవాడు. మొదట్లో నాకు అదంతా తమాషాగా ఉండేది.

ఒకసారి బి షిఫ్టు వారం ముందు సిగ్గు విడిచి వాళ్ళనడిగాను, నా ముప్పై ఒకటో నంబరు కూడా పలికి పుణ్యం కట్టుకోమని. పలికారట. సన్నగొంతు ఆయన గొంతు ఇంకా సన్నం చేసి "ఎస్ సర్" అన్నాడట. ఏడాది మొత్తంలో లెక్చరర్ తలెత్తింది ఆ ఒక్కసారే. క్లాసంతా గొల్లుమందట. నాకు గైర్హాజరు పడింది. మరుసటి వారం వాళ్ళు అది అభినయించి చూపిస్తే నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక, నవ్వినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

అసలు మంట తరవాతి బి షిఫ్టు వారంలో రాజుకుంది. పొద్దున్న టీ తాగుతూ నాన్న సంబరంగా చెప్పాడు. "మీ క్లాసులో సదువుతన్న బాబొకడు మా సెక్షన్‌కి ఛార్జిమాన్‌గా, మా అందరి పైన, వచ్చాడమ్మా. మంచోడు. ఈ వారం నాతోటే బి షిఫ్టు. రోజూ కేంటీన్‌లో కనబడి, మీ పాప ఎలాగ సదువుతందని అడుగుతన్నాడు."

పేరు చెప్పగానే ఆ మనిషెవరో తెలిసింది. ఎ షిఫ్టు, సి షిఫ్టు వారాల్లో ముందు బెంచీలో కూర్చునేవాడు. నెలాఖరున హాజరు పట్టీ బోర్డు మీద అంటిస్తే వేలు పెట్టి వెతికాను. ఆయన వరసలో ఒక్క ఖాళీ లేదు. కేంటీన్‌లో మా నాన్నతో టీ తాగిన సాయంత్రాలన్నీ ఆయన క్లాసులోనే ఉన్నాడు. ఒకే షిఫ్టు ఆయన్ని క్లాసులో కూర్చోబెట్టింది, నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది. బోర్డు ముందు నిలబడి పళ్ళు నూరుకున్నాను.

పరీక్షలకి నెల ఉందనగా నోటీసు పెట్టారు. నూటికి డెబ్బై ఐదు హాజరు లేనివాళ్ళు పరీక్షకి అనర్హులు. మూడు వారాలకొక వారం పోతే ఎంత మిగులుతుందో నాకు ముందే తెలిసుండాల్సింది. నోటీసు కింద ఒకే ఒక్క అంకె ఉంది, ముప్పై ఒకటి. ఏడాదిలో సగం రోజులు మొహం చూపించని నలభై మంది అర్హులు. పరీక్ష తప్పిపోతే ఏడాది పోతుంది, ఇంట్లో మరో ఏడాది ఇస్తారన్న నమ్మకం నాకు లేదు.

ఎంతమందికో అర్జీలు రాసినదాన్ని, నా అర్జీ నేను రాసుకున్నాను. రెండే పేరాలు. మొదటిదాంట్లో, నాన్న బి షిఫ్టు వారాల్లో నన్ను తీసుకొచ్చేవాళ్ళు లేక రాలేకపోయానని. రెండోదాంట్లో, ఫలానా నంబరు విద్యార్థి ఫలానా సాయంత్రాలు మా నాన్న పైఅధికారిగా మిల్లులో డ్యూటీలో ఉండగా క్లాసులో హాజరు ఎలా పడిందో విచారించమని.

ప్రిన్సిపాల్ చదివి కళ్ళజోడు తీశారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. రెండో పేరా మీద వేలు పెట్టి "బేటీ, యే పారా కాట్ దో," అన్నారు. మీ నాన్న ఆ మనిషి కిందే పని చేస్తున్నాడని నువ్వే రాశావు, ఆలోచించుకో అన్నారు. అది కొట్టేసి, నాన్న సంతకంతో తెస్తే ఈ ఏటికి క్షమిస్తానన్నారు. వచ్చే ఏడు మళ్ళీ తగ్గితే మాత్రం తన చేతుల్లో ఉండదన్నారు.

కొట్టేశాను. చట్టం చదవడానికి చేరి నేను మొట్టమొదట చేసిన పని, నిజమైన వాక్యం మీద గీత పెట్టడం. ఆ అర్జీ నకలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. వచ్చిన పిల్లలకి నేను చెప్పే రెండో మాట అదే. ఏ కాగితం ఇచ్చినా నకలు దాచుకోండి, కొట్టేసినవైతే తప్పకుండా దాచుకోండి.

నాన్న తెలుగులో సంతకం చేయగలడు. కలం తీసుకుని "ఏటి రాసావో సదువు," అన్నాడు. మిగిలిన పేరా తెలుగులో చెప్పాను.

"ఏటి, నా వల్లా?"

"నీ షిఫ్టు వల్ల."

"ఏడాదంతా నానే కదమ్మా దిగబెట్టాను!"

"దిగబెట్టావు నాన్నా. అందుకే నువ్వు లేని రోజు నేనూ లేను," అన్నాను. అంత గట్టిగా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. నాన్న కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

పరీక్ష రాశాను, పాసయ్యాను. రెండో ఏడు మొదటి బి షిఫ్టు వారం వచ్చింది. సోమవారం మధ్యాహ్నం గుమ్మం ముందు సైకిలు నిలబడి ఉంది.

"మీ నాన్న నడిసెల్లిపోనాడు. సైకిలు నీకొగ్గీసాడు. క్లాసవగానే బేగి వచ్చీమన్నాడు," అంది అమ్మ, మొహం ముడుచుకుని.

చూస్తే సీటు కిందికి దింపి ఉంది. నా ఎత్తుకి. బోల్టుకి కొత్తగా నూనె రాసి ఉంది. నాకు ఏడుపొచ్చింది, వెనకే కోపమూ వచ్చింది. నాకు సైకిలు తొక్కడం రాదు. మా వరసలో మగపిల్లలందరూ ఆ సైకిలు మీదే నేర్చుకున్నారు. కారియర్ పట్టుకుని వాళ్ళ వెనక పరిగెత్తిందాన్ని నేనే. నువ్వూ ఎక్కవే అని అప్పుడు ఎవరూ అనలేదు, ఎక్కుతానని నేనూ అడగలేదు.

సైకిలు ఇంట్లో వదిలేస్తే అమ్మ గడప దాటనివ్వదు. అనుమతి సైకిలుకే వచ్చింది మరి. అందుకని సందు మలుపు దాకా అమ్మ చూస్తుండగా నడిపించుకుపోయి, మలుపు తిరిగాక కూడా నడిపించుకునే పోయాను. గంట నడక గంటన్నర అయింది. పెడలు పిక్కకి కొట్టుకునేది, చీర కుచ్చిళ్ళకి గ్రీజు. రాత్రి తిరిగొస్తుంటే దారినపోయేవాళ్ళు "పంక్చర్ హై క్యా?" అని పలకరించేవారు. హాఁ అనేదాన్ని. ఆరు రోజులు ఆ సైకిలుకి పంక్చరే.

ఆదివారం పొద్దున్న నాన్న ముందు నిలబడి చెప్పేశాను. "నాకు సైకిలు రాదు నాన్నా."

"మరి ఆరు రోజులూ ఎలాగెల్లావు?"

"తోసుకుంటూ."

నాన్న నా పిక్కల మీద దెబ్బలు చూశాడు. "అందరికీ అర్జీలు రాత్తావు, నాకొక్క మాట సెప్పనేకపోనావా?" అన్నాడు. ఆ మాట నిజమే. నిజమైనందుకు ఇంకా మండింది.

ఆ సాయంత్రమే మైదానానికి తీసుకెళ్ళాడు. ఇరవై రెండేళ్ళ ఆడపిల్ల చీర దోపుకుని సైకిలెక్కుతుంటే ఫుట్‌బాల్ ఆపి మరీ చూశారు జనం. నాన్న కారియర్ పట్టుకుని రొప్పుతూ వెనక పరిగెత్తాడు. "నాను పట్టుకునే ఉన్నాన్లే తల్లీ!" అని ఒకటే అరుపు. "వదిలెయ్ నాన్నా!" అని నేను. వదల్లేదు. తరవాతి ఆదివారమూ వదల్లేదు. ఆ తరవాతి ఆదివారం దాటగానే మళ్ళీ బి షిఫ్టు వచ్చింది.

సోమవారం ఆయన డ్యూటీకి నడిచి వెళ్ళాక, సందు మలుపు తిరిగి, గట్టు పక్కన నిలబెట్టి సైకిలెక్కాను. నాలుగుసార్లు పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, చీర అంచు చైనులో పడి చిరిగింది. నేను క్లాసు గుమ్మంలో అడుగుపెట్టేసరికి లెక్చరర్ తల వంచుకుని అంకెలు చదువుతున్నారు. మిల్లులో డ్యూటీలో ఉన్న ఛార్జిమాన్‌కి వెనక బెంచీ బొంగురు గొంతు "ఎస్ సర్" పలికింది. ముప్పై ఒకటి అన్నారు లెక్చరర్. గుమ్మంలోంచే, క్లాసంతటికీ చెవులు పగిలేలా, నాకు నేనే పలికాను.