నల్ల కారు, ఏడాది చింతపండు

మొన్న ఆదివారం కడపలో మా కూతురు కొత్తగా కొన్న తెల్ల కారును ఇంటి ముందర నిలబెట్టి, తుపాకీ లాంటి గొట్టమొకటి పట్టుకుని దాని మీద నురగ కొడుతూ ఉంటే, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న నాకు నోరు ఊరుకోలేదు. ముందు పొడిగుడ్డతో దుమ్ము దులుపమ్మా, ఆ తర్వాతే నీళ్లు అన్నాను. "నురగ కొడితే అంతా అదే పోతాది నాయనా, నువ్వు ఊరికే ఉండు" అని నవ్వేసింది. ఊరికే ఎట్లా ఉంటాను? ముప్పై ఎనిమిదేళ్లు స్టీరింగు పట్టినవాణ్ణి, కారు కడగడంలో నాకు పాఠం చెప్పేవాడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదని ఇప్పటికీ నా నమ్మకం. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో డ్రైవరు పనితనాన్ని రోడ్డు మీదకంటే ముందు బానెట్టు మీద చూసేవాళ్లు.

నేను పని నేర్చింది కర్నూలులో. అక్కడ కారు కడగడమంటే కేసీ కాలువ గట్టు దించి, చక్రాలు సగం మునిగేదాకా నీళ్లలో నిలబెట్టి, బకెట్టుతో ఎత్తిపోయడమే. కడగడం అయ్యేసరికి కారూ మనమూ ఇద్దరమూ స్నానం చేసినట్టే. పెళ్లయిన ఏడాదికి ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మేనేజరుగారి నల్ల అంబాసిడర్‌కు డ్రైవరుగా చేరాను. ఆరు నెలలు చూసి నచ్చితేనే ఖాయం చేస్తామన్నారు, నచ్చకపోతే పనితో పాటు వాళ్లిచ్చిన రెండు గదుల క్వార్టరూ వదిలి పోవాలి. ఆ గడువు నిండేసరికి నా భార్యకు ఏడో నెల వస్తుంది, మాకు తలదాచుకోవడానికి వేరే ఇల్లు లేదు.

నాకంటే ముందు ఆ కారు నడిపి, తర్వాత లారీకి మారిన పెద్దాయన ఒకరు మా పక్క క్వార్టరులోనే ఉండేవారు. అందరం ఆయనను చాచా అనేవాళ్లం. తొలిరోజే నన్ను పిలిచి, "ఏమప్పా, ఈడ దుమ్ము మీ కర్నూలు దుమ్ము కాదు. బాగా దులిపినాకనే నీళ్లు పోయాల. లేకుంటే రాయైతాది" అని చెప్పారు. ముసలాయన బద్ధకానికి శాస్త్రం చెబుతున్నాడనుకున్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకాన్ని అప్పట్లో. అయినా పని కొత్త కదా అని కొన్నాళ్లు గుడ్డతో దులుపుతూనే వచ్చాను.

ఆరు నెలలూ నిండబోతుండగా మేనేజరుగారు రైల్లో ఊరికి పోయి, ఆదివారం సాయంత్రం ఐదు గంటల బండికి పెద్ద ఆఫీసు నుంచి ఒక అధికారిని వెంటబెట్టుకుని వస్తానని కబురు పెట్టారు. నన్ను ఖాయం చేసే కాగితం మీద సంతకం చేయవలసింది ఆ అధికారే. నాలుగు రోజులుగా ఫ్యాక్టరీలో నిలబడి బూడిద పూసుకున్నట్టున్న కారును పొద్దున్నే క్వార్టరు ముందుకు తెచ్చి, ఈరోజు నా కర్నూలు పనితనం చూపిస్తానని దులపకుండానే నాలుగు బకెట్లు కుమ్మరించి, ఎండకు ఆరనిచ్చి చద్ది తినడానికి లోపలికి పోయాను. తిరిగొచ్చి చూస్తే ఏముంది, కొంప మునిగింది. నల్ల కారు మీద సున్నం కొట్టినట్టు తెల్లటి చారలు, గోటితో గీకినా ఊడి రావు. గుడ్డపెట్టి రుద్దితే సన్నటి గీతలు పడ్డాయి. అరుగు మీద కూలబడి ఏడ్చాను, సిగ్గెందుకు చెప్పడానికి!

నా భార్య కడుపు పట్టుకుని మెల్లగా బయటికొచ్చి, కారు చుట్టూ ఒక తిరుగు తిరిగి, వేలితో తడిమి చూసింది. నేరుగా లోపలికి పోయి, ఏడాదికని దాచుకున్న చింతపండు కుండను ఈడ్చుకొచ్చింది. అది పూస్తే రంగు తినేస్తుందని చాచా అడ్డుపడ్డారు. "ముందు ఎనకపక్క కింద రుద్ది చూద్దాం చాచా. రంగు పోకుంటేనే పైకొద్దాం. ఇత్తడి బిందెకు పట్టిన ఉప్పునీళ్ల మరకే పోతాది, ఇది పోదా?" అంది. ఎవరికీ కనపడని చోట పలచటి చింతపండు నీళ్లు పూసి, నూరు లెక్కపెట్టి తుడిచింది. కింద నల్లరంగు నిగనిగలాడుతూ కనిపించింది. ఇంక చూసుకోండి, ఆమె పూయడం, నేను నీళ్లు కొట్టడం. కొళాయి రెండు రోజులకోసారి వచ్చే క్వార్టర్లలో ఇరుగుపొరుగు తమ బిందెలు తామే మోసుకొచ్చి పోశారు. చివర్లో కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే గీతలు కూడా కప్పుకుపోయాయి.

ఐదు గంటలకు స్టేషను ముందు నా కారు అద్దంలా నిలబడింది. అధికారి ఎక్కగానే ఆకలేస్తోందన్నారు, అది పులుసు వాసన పనేనని ఈనాటికీ నా అనుమానం. ఇంత దుమ్ములో ఇంత శుభ్రంగా ఎవరు ఉంచుతున్నారని ఆయన అడిగితే, నేనే సార్, ఒక్కణ్ణే అన్నాను. పది రోజుల్లో ఖాయం కాగితం వచ్చింది. అధికారితో అన్న ఆ మాట కూడా కలిపి ఇంట్లో గొప్పగా చెబితే, నా భార్య సంగటి ముద్ద కలుపుతూ, "ఒక్కనివేనా?" అని మాత్రం అంది. ఆ ఏడాదంతా మా ఇంట్లో పులుపులేని పప్పే.

తర్వాత ఎందరు కొత్త డ్రైవర్లకో ఆ చిట్కాను నా సొంత తెలివిగానే చెప్పాను. అదైనా క్షమించుకోగలను గానీ, ఇంకొకటి ఉంది. ఖాయం కాగితం వచ్చిన రెండు నెలలకు ఒక మధ్యాహ్నం నా భార్యకు నొప్పులు మొదలయ్యాయి. మేనేజరుగారు ఆఫీసులో ఉన్నారు, కారు ఖాళీగా షెడ్డులో ఉంది, తాళంచెవి నా జేబులోనే ఉంది. కంపెనీ కారు ఇంటివాళ్లకు వాడకూడదని నియమం. పోయి అడగడానికి నాకు నోరు రాలేదు. సిమెంటు మూటల లారీ క్యాబినులో, ప్రతి గుంతకూ పళ్లు బిగబట్టుకుంటూ ఆమె ప్రొద్దుటూరు ఆస్పత్రికి చేరింది. చాచా నడిపారు, నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అక్కడ పుట్టిందే ఈ కూతురు. ఆ నల్ల కారులో నా భార్య ఒక్కరోజు కూడా కూర్చోలేదు.

ఇప్పుడు ఇంటింటికీ కారుంది, దుమ్ము కరిగించే మందులు సీసాల్లో దొరుకుతున్నాయి, కారు కడగడానికి చింతపండు పిసికేవాళ్లు లేరు. మొన్న కూతురు కడగడం అయ్యాక, పుష్పగిరి గుడికి పోయొద్దాం రమ్మని వాళ్లమ్మను పిలిచింది. ఆమె వచ్చి, ఎవరినీ అడగకుండా ముందు తలుపు తీసుకుని సీట్లో సర్దుకుని కూర్చుంది. నేను వెనక కూర్చుని దారిపొడవునా ఆమె నెరిసిన ముడినే చూస్తూ ఉన్నాను. ఆ మధ్యాహ్నం ఒక్కమాట అడిగి ఉండవలసింది. మహా అయితే మేనేజరుగారు కాదనేవారు, అంతే కదా.