బొట్టు పెట్టి పిలిచిన అభిప్రాయం

రావులపాలెంలో అరటి గెలల మార్కెట్టు వెనక సందులో లోవలక్ష్మి గారి టైలరింగ్ షాపు ఉంది. మిషన్లు రెండు. వాటికి ఏ రిపేరు వచ్చినా నేనే చూస్తాను. దారపు ఉండలు పెట్టుకోవాల్సిన అరలో ఆవిడ పుస్తకాలు పెట్టుకున్నారు. అన్నీ హత్యలు, దెయ్యాలు, మాయా రాజ్యాల నవలలే. కుటుంబ కథలు ఆవిడ చదవరు. రోజంతా జాకెట్లు ఇవ్వడానికొచ్చేవాళ్ళు చెప్పేవి అవే కదా అంటారు.

చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. భర్త పోయాక మిషను మీదే బతుకు. పిల్లలు లేరు. మధ్యాహ్నం భోజనమయ్యాక షట్టరు సగం దించుకుని చదువుకోవడం ఒక్కటే ఆవిడ సరదా. ముందు అద్దె పుస్తకాలు చదివారు. అద్దె షాపు మూతపడ్డాక కొనుక్కున్నారు. ఇప్పుడు ఫోన్లో యాప్‌లో వచ్చేవి కూడా వదలరు.

ఈ మధ్య వస్తున్న నవలల మీద ఆవిడవి గట్టి అభిప్రాయాలు. దెయ్యం అధ్యాయానికోసారి కనిపిస్తుంటే నాలుగోసారికి పక్కింటావిడలా అయిపోతుంది, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాలనిపిస్తుంది అంటారు. ఒక థ్రిల్లర్లో చివరి పేజీల్లో హంతకుడికి కవల తమ్ముణ్ణి తెచ్చారు. అది రాసినవాడు దాచిపెట్టిన సంగతి కాదు, అప్పటిదాకా వాడికే తెలియని సంగతి అన్నారు. మాయా రాజ్యాల కథల్లో చచ్చినవాళ్ళను మంత్రంతో లేపడం ఆవిడకు అసలు గిట్టదు. ఎవడూ నిజంగా చావని చోట యుద్ధం దేనికని అడుగుతారు.

మెచ్చుకున్నా అంతే గట్టిగా మెచ్చుకుంటారు. ఒక నవలలో దెయ్యం అసలు కనపడదు. ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరూ హాల్లో ఉన్న కుర్చీలో కూర్చోవడం మానేస్తారు, అంతే. ఎందుకు మానేశారో రాసినవాడు చెప్పడు. ఆ పుస్తకం ఆవిడ మూడుసార్లు చదివారు. నాలుగోసారి నాకిచ్చి చదివించారు.

జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళలో చదివేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఏదైనా కొనేముందు ఆవిడను అడిగేవారు. లోవలక్ష్మి గారు బాగుందన్నారంటే కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చని ఒక నమ్మకం. ఆ నమ్మకం తప్ప ఆవిడకు ఊళ్ళో వేరే పలుకుబడి ఏమీ లేదు.

హేమశ్రీ ఆవిడ దగ్గర కుట్టుపని నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల. కుట్టు అంతంతమాత్రంగా వచ్చింది గానీ పుస్తకాల పిచ్చి మాత్రం బాగా పట్టింది. పెళ్ళై రాజమండ్రి వెళ్ళాక యాప్‌లో నవలలు రాయడం మొదలుపెట్టింది. మొదటి రెండు నవలలూ అధ్యాయం అధ్యాయం ఈవిడకు ఫోన్లో చదివి వినిపించింది. ఈవిడ అడ్డం తగిలేవారు, ఆ పిల్ల వాదించేది, మర్నాటికి మార్చి తెచ్చేది. పుస్తకాల గురించి అంతసేపు మాట్లాడే మనిషి ఇద్దరికీ ఇంకెవరూ లేరు.

రెండో నవలకు పేరొచ్చింది. మూడోది పుస్తకంగా వేస్తానని రాజమండ్రిలో ప్రచురణ చేసే పల్లంరాజు గారు ముందుకొచ్చారు. ఆ నవల మాత్రం హేమశ్రీ వినిపించలేదు. తొందరలో ఉందేమోలే అని లోవలక్ష్మి గారు సరిపెట్టుకున్నారు.

ఆవిష్కరణ సభకు వారం ముందు హేమశ్రీ కారులో వచ్చింది. బొట్టు పెట్టి, పండూ తాంబూలం, పట్టుచీర, పూతరేకుల పెట్టె చేతిలో పెట్టి, అచ్చయిన పుస్తకం ఇచ్చింది. సభలో మాట్లాడాలని అడిగింది.

"మొహమాటం లేకుండా చెప్పాలక్కా. మీరు ఎలా చెబుతారో అలాగే చెప్పాలి" అంది.

బొట్టు పెట్టి పిలిచిందంటే ఇంటి ఆడపడుచులా చూసిందని లోవలక్ష్మి గారు పొంగిపోయారు. ఆ చీరకు జాకెట్టు ఆ రాత్రే కత్తిరించారు. నవల రెండుసార్లు చదివారు. సగం దాకా బంగారంలా ఉందనీ, తర్వాత చెయ్యి జారిందనీ నాతో అన్నారు. సభలో బాగుందని చెప్పేసి వచ్చేయమన్నాను. అడిగింది అది కాదు కదా అన్నారు.

తోడుగా నేనూ బస్సులో రాజమండ్రి వెళ్ళాను. హాలు నిండింది. మాట్లాడినవాళ్ళందరూ పుస్తకం చదివి రాత్రి నిద్రపోలేదన్నారు. ఒకాయన హేమశ్రీ పేరు బదులు నవలలో కథానాయిక పేరు చెప్పి, చప్పట్లు కొట్టించుకుని దిగారు.

లోవలక్ష్మి గారు కొత్త చీర కట్టుకుని మైకు ముందు నిలబడ్డారు. ఆ నవల కథ భీమవరం దగ్గర చేపల చెరువు మీద జరుగుతుంది. కాపలా మనిషి చచ్చిపడి ఉంటాడు. మేత షాపు నడిపే ఒక పిల్ల ఎవరు చంపారో తెలుసుకోవాలని బయల్దేరుతుంది. చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోయినప్పటి నిశ్శబ్దం చదువుతుంటే వెన్ను జలదరించిందని ఆవిడ చెప్పారు. హేమశ్రీ నవ్వుతూ తల ఊపింది. అప్పుడు రెండో సగానికి వచ్చారు.

"చివర్లో ఆ చచ్చిపోయిన మనిషే దెయ్యమై వచ్చి తనను చంపినవాడి పేరు చెప్పేశాడండి. అలా చెప్పేవాడైతే ఆ పిల్ల అన్ని పేజీలు తిరిగిందెందుకు? ఆ చంపినవాడు కూడా అప్పటిదాకా కథలోనే లేడు. హేమ చెయ్యి నాకు తెలుసండి. ఇంతకంటే బాగా రాయగలదు. తొందరపడింది."

పల్లంరాజు గారు మైకు అందుకున్నారు.

"లోవలక్ష్మి గారు టైలరండి. బట్ట ఎంత మంచిదైనా ముందు కత్తెర వెయ్యందే ఆవిడకు తోచదు" అన్నారు.

అందరూ నవ్వారు. హేమశ్రీ కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి ఆవిడ వచ్చి నా పక్కన కూర్చున్నారు. శాలువా కప్పడానికి పేరు పిలిచినా లేవలేదు.

భోజనాల దగ్గర హేమశ్రీ వచ్చి పక్కకు పిలిచింది. గొంతు పెద్దగానే ఉంది కాబట్టి నాకూ వినపడింది.

"ఇంట్లో చెప్పాల్సిందక్కా ఇది."

"ఇంట్లో అడగలేదు కదే. మైకు ముందు చెప్పమన్నావు. మొహమాటం వద్దన్నావు."

"అందరూ అలాగే అంటారు. పెళ్ళికి పిలిస్తే వచ్చి పిల్ల నలుపని ఎవరైనా అంటారా? బొట్టు పెట్టి పిలిచాను, చీర పెట్టాను. ఇంకెలా చెప్పాలి మీకు?"

"ఆ చీర దేనికో ఆరోజే చెప్పాల్సింది హేమా. పుచ్చుకునేదాన్ని కాదు."

హేమశ్రీ అతిథుల దగ్గరికి వెళ్ళిపోయింది. తిరుగు ప్రయాణంలో బస్సు గోదావరి వంతెన ఎక్కింది. దాటాక ఆవిడ, ఆ ఏరేటర్ల పేజీ మాత్రం చాలా బాగా రాసిందండీ అన్నారు.

మాట మా ఊరికి మాకంటే ముందే చేరింది. ఓర్వలేక స్టేజీ మీద తిట్టిందన్నారు. తన దగ్గర పని నేర్చుకున్న పిల్ల పైకొస్తే కళ్ళల్లో నిప్పులు పోసుకుందన్నారు. పట్టుచీర పుచ్చుకుని మరీ తిట్టిందన్నది అన్నిటికంటే ఎక్కువ తిరిగింది. జాకెట్లు తెచ్చేవాళ్ళు తెచ్చారు గానీ పుస్తకాల సంగతి అడగడం మానేశారు. హేమశ్రీ ఫోను ఎత్తడం మానేసింది. చీర వెనక్కి పంపిస్తే పార్సిల్ తిరిగి వచ్చింది.

మరుసటి ఏడాది హేమశ్రీ నాలుగో నవల వచ్చింది. లోవలక్ష్మి గారు రాజమండ్రి వెళ్ళి కొనుక్కుని వచ్చారు. దారం తెగుతోందని పిలిస్తే వెళ్ళాను. మిషను సంగతి వదిలేసి పుస్తకం సంగతే చెప్పారు. ఇందులో హంతకుడు మొదటి అధ్యాయంలోనే అందరికీ టీ పోస్తూ ఉంటాడట. ఎవరూ వాడి వంక చూడరట, చదివేవాళ్ళు కూడా. దెయ్యం ఉందట గానీ నోరు విప్పదట. చెబుతున్నంతసేపూ ఆవిడ ముఖం వెలిగిపోయింది. తర్వాత మొదటి పేజీ తీసి నాకు చూపించారు. రచనలో లోపాలు చూపించి దిద్దిన పల్లంరాజు గారికి కృతజ్ఞతలని ఉంది.

"పోనీలెండి, ఎవరు దిద్దితే ఏం. దిద్దుకుంది" అన్నారు. గొంతు మాత్రం పోనిచ్చేలా లేదు.

హేమశ్రీకి ఫోను చేశారు. ఎత్తలేదు. చాలా బాగా రాశావని వాయిస్ మెసేజ్ పెట్టారు. విన్నట్టు నీలం గుర్తు వచ్చింది. జవాబు రాలేదు.

అదే వారం వీరదుర్గ అనే ఆవిడ జాకెట్టు తీసుకోవడానికి వచ్చింది. పాత పాఠకురాలే. బల్ల మీద పుస్తకం చూసి ఎలా ఉందని అడిగింది. చాలా రోజుల తర్వాత ఒకరు అడిగారు. లోవలక్ష్మి గారు మిషను ఆపి, ఎక్కడెక్కడ ఎలా బాగుందో విడమరిచి చెప్పారు. అంత మెచ్చుకోవడం నేనెప్పుడూ వినలేదు. వీరదుర్గ అంతా విని జాకెట్టు సంచిలో పెట్టుకుంది.

"ఇంత మెచ్చుకుంటున్నారు, మళ్ళీ హేమశ్రీతో కలిసిపోదామనాండీ?" అంది. వెటకారం కాదు, మామూలుగానే అడిగింది.

లోవలక్ష్మి గారు పుస్తకం తీసి అరలో పెట్టేశారు.

ఆ తర్వాత ఎవరు ఏ నవల గురించి అడిగినా, తల ఎత్తకుండా, "బాగుందండి" అంటున్నారు. కవల తమ్ముళ్ళున్నది బాగుంది, మంత్రంతో లేచేది బాగుంది, దెయ్యం సాక్ష్యం చెప్పేది కూడా బాగుంది. ఆవిడ ఈ మధ్య మెత్తబడ్డారనీ, మనిషి మంచిదయ్యిందనీ ఊళ్ళో చెప్పుకుంటున్నారు. పోయిన నెల ఎవరో కొత్త రచయిత ఆవిడకు బొట్టు పెట్టించి, చీర పెట్టించి, సభకు పిలిచాడు. వెళ్ళి మాట్లాడి వచ్చారు. పుస్తకం చదివి రాత్రి నిద్రపట్టలేదని చెప్పారట. చప్పట్లు బాగా పడ్డాయట.