అమ్మ గోలీల డబ్బా

సింగపూర్ టూర్‌కు ఇన్సూరెన్స్ తీసుకుందామని ఒక ఉదయం అమ్మను దిల్‌సుఖ్‌నగర్‌లోని ట్రావెల్స్ ఆఫీసుకు తీసుకెళ్లాను. పాత జబ్బులేమైనా ఉంటే ఫారంలో తప్పకుండా రాయాలని అక్కడి అమ్మాయి చెప్పింది.

"నాకేం లేదు బిడ్డా, మంచిగున్న," అంది అమ్మ. అంటూనే చేతిసంచిలోంచి స్టీలు డబ్బా తీసి, టిఫిన్‌కు ముందు వేసుకునే షుగర్ గోలీ ఆ అమ్మాయి ఎదుటే మింగింది.

"షుగర్ ఉన్నదని చెప్తలేవేంది అమ్మా?" అన్నాను.

"గది గూడ రోగమేనా? మన మన్సూరాబాద్ కాలనీల షుగర్ ఎవరికి లేదు?"

నాకు ఒళ్లు మండింది. దాచిపెట్టి వెళ్లి, అక్కడ దవాఖానలో పడితే కంపెనీ పైసా కూడా ఇవ్వదని అందరిముందే కోప్పడ్డాను. పట్టుబట్టి షుగర్ రాయించాను. ప్రీమియం పెరిగింది.

తర్వాత నా వంతు వచ్చింది.

"మీకేమన్న ఉన్నయా సార్?"

"ఏం లేవు," అన్నాను.

నేను మర్చిపోతానని నా గోలీలు కూడా అమ్మే తన డబ్బాలో పెట్టుకుంటుంది. ఆమె మళ్లీ ఆ డబ్బా తెరిచింది. నా బీపీ గోలీల షీటు తీసి ఆ అమ్మాయి కీబోర్డు పక్కన పెట్టింది.