వంతెనకు తగులుకున్న మగ్గం

మగ్గంతో ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో పోదలుచుకున్నవాళ్ళు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. బస్సువాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకునేదాకా బస్సు ముందు నిలబడాలి. నేను నిలబడ్డాను.

అవి డెబ్బయిల చివరి రోజులు. మా ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయన మగ్గం మా బావగారింట్లో గోడవారన ఖాళీగా పడి ఉండేది. బావగారంటే మా ఆయనకు అన్న, ఆ ఇంటికి పెద్ద. ఆడవాళ్ళు నూలు కండెలు చుట్టాలే గానీ మగ్గం మీద కూర్చోకూడదని పట్టుబట్టిన మనిషి. నాకు నేత వచ్చు. మా ఆయనే నేర్పాడు, తలుపు మూసి. రెండేళ్ళు కండెలు చుట్టి చుట్టి నా వేళ్ళు అరిగాయి గానీ బావగారి మొండితనం అరగలేదు. ఆదోనిలో మా చెల్లెలు వాళ్ళింట్లో ముందుగది ఇస్తానంది. మగ్గం తీసుకుపోతానంటే బావగారు నవ్వి, "తీసకపోమ్మా. వారం దాటకుండా అదీ నువ్వూ మళ్ళా ఈడికే వస్తారు" అన్నాడు. ఆ నవ్వుతో నా ప్రయాణం ఖాయమైంది.

పొద్దున ఏడుకల్లా ఎద్దులబండి మీద మగ్గం వేయించుకుని బస్టాండు చేరాను. అది నాలుగు కంభాల మీద నిలబడే మగ్గం. విప్పి మోపు కడదామంటే కట్టెలో కట్టె దిగి ఏళ్ళుగా బిగుసుకుపోయింది. విప్పితే మళ్ళీ కుదరదని వడ్రంగి చేతులెత్తేశాడు. ఉన్నదున్నట్టు పక్కకు పడుకోబెట్టి టాపు మీదికి ఎక్కించడమే దారి. కండక్టర్ కుదరదు పొమ్మన్నాడు. నేను పోయింది బస్సు ముందుకే. చివరికి డ్రైవర్ దిగి వచ్చాడు. ఖాదర్ అని, ఆదోని మనిషి, నడివయసు. మగ్గం చుట్టూ ఒకసారి, నా చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కించమని హమాలీలకు చెప్పాడు. మగ్గం టికెట్టు నా టికెట్టు కంటే ఎక్కువైంది. వాళ్ళు తాళ్ళు బిగిస్తుంటే నేను బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని టీ తాగాను. ఎమ్మిగనూరులో పొద్దున బస్సెక్కేవాళ్ళు అది తినకుండా ఎక్కొద్దు.

బస్సు ఎనిమిదింటికి కదిలింది. కాలు పెట్టే సందు లేదు. గోనెగండ్ల వైపు పత్తి ఏరి కోసిగికి తిరిగిపోతున్న ఆడకూలీలే సగం బస్సు. వాళ్ళు ఆదోనిలో రైలు అందుకోవాలి. నా పక్కన కూర్చున్న ఈరమ్మ వాళ్ళందరికీ పెద్దలాగుంది. మగ్గం నాదని తెలిసి, మగమనిషి లేకుండా ఎవరు నేస్తారని అడిగింది. నేనే నేస్తానన్నాను. నన్ను కిందికీ మీదికీ చూసి, మూటలోంచి వేయించిన శెనక్కాయలు గుప్పెడు తీసి నా ఒళ్ళో పోసింది. ముందు సీట్లో ఒక పత్తి సావుకారు, భారీ మనిషి, మార్కెట్టుకు ఆలస్యమవుతోందని ఆగిన ప్రతిచోటా ఖాదర్ ప్రాణం తీశాడు.

తొమ్మిదిన్నర దాటాక ఆదోని కొండలు కనిపించాయి. ఊళ్ళోకి పోవాలంటే రైలు కట్ట కిందున్న వంతెన దాటాలి. ఎంతటివాడైనా అక్కడ తల వంచాల్సిందేనని డ్రైవర్లు దానికి అత్త అని పేరు పెట్టుకున్నారు. దాని ఇనుపదూలానికి లారీల రంగులన్నీ గీతలుగా అంటుకుని ఉన్నాయి. ఈమధ్యే ఒక గడ్డి లారీ ఇరుక్కుంటే ఆ డ్రైవర్‌ను పనిలోంచి తీసేశారట. "రోడ్డు మీద రోడ్డు ఏస్తానే ఉంటారు. వంతెన మాత్రం యాడిదాడే ఉంటాది. తగిలితే తప్పు డ్రైవర్దంటారు" అన్నాడు ఖాదర్.

బస్సు మూతిని వంతెన కిందికి పోనిచ్చి ఆపాడు. కండక్టర్ టాపు మీద పడుకుని చూసి, మగ్గానికీ దూలానికీ మధ్య రెండు వేళ్ళ సందు ఉందన్నాడు. అయినా ఖాదర్ జాగ్రత్తపరుడు. ఏదన్నా జరిగితే ఎవరికీ దెబ్బ తగలకూడదని అందరినీ దింపేసి, ఖాళీ బస్సును అంగుళం అంగుళంగా ముందుకు నడిపాడు. మగ్గం దూలం కిందికి రాగానే కిర్రుమని చప్పుడై బస్సు ఆగిపోయింది. మగ్గం పై కంభం దూలానికి కరుచుకుంది. ముందుకు పోతే విరుగుతుంది, వెనక్కి లాగితే చీలుతుంది. ఖాదర్ దిగి తల పట్టుకుని, సందు ఉండింది గదా, సందు ఉండింది గదా అని గొణుక్కుంటున్నాడు. అంతలో పైన గూడ్సు బండి పోయింది. తుప్పు రాలి మా తలల మీద పడింది, మగ్గం మూలిగింది.

జనం తలా ఒక మాట అన్నారు. పై కంభం కోసిపారేస్తే సరిపోతుందని సావుకారు తీర్పు చెప్పాడు. పక్కనే ఉన్న కట్టెల డిపో నుంచి ఎవరో రంపం కూడా తెచ్చిచ్చారు. కండక్టర్ దాన్ని పట్టుకుని టాపెక్కాడు. మగ్గానికి ఇల్లు విడిచి రావడం ఇష్టం లేదేమోనని ఒకాయన వెనకనుంచి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పై కంభం పోతే ఇక అది మగ్గం కాదు, వంటచెరుకు. అది పోతే నేను మళ్ళీ కండెల దగ్గరికే.

"నేను టికెట్టు కొనింది ఆదోని బస్టాండుకు, ఈ వంతెనకు కాదు. మగ్గానికీ టికెట్టుంది. కొయ్యాలంటే ముందు నన్ను దించండి" అని బస్సెక్కి, సరిగ్గా మగ్గం కింద, వెనక సీట్లో కూర్చున్నాను.

సావుకారు ఏదేదో అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఈరమ్మ తన బిందె చంకనెత్తుకుంది. "రైలు పోతే పోనీ. ఆ యమ్మ ఒక్కతే కూచుంటాదా?" అంటూ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఆమె వెనకే ఆడవాళ్ళందరూ మూటలతో సహా ఎక్కారు. ఎండకు తాళలేక ఇంకొందరు ఎక్కారు. బస్సు మెల్లగా కుంగింది.

టాపు మీదినుంచి కండక్టర్ అరిచాడు. "అన్నా, కట్టె ఇడిసిపెట్టె. సందు కనపడతాంది."

ఖాదర్‌కు అప్పుడు వెలిగింది. సందు చూసినప్పుడు బస్సు నిండా జనం, ఆ బరువుకు స్ప్రింగులు అణిగి ఉన్నాయి. అందరినీ దింపగానే బస్సు పైకి లేచింది. పాపం, జాగ్రత్త పడబట్టే ఇరుక్కున్నాడు. నుదురు కొట్టుకుని నవ్వి, మిగిలినవాళ్ళనూ ఎక్కమన్నాడు. సావుకారు మాత్రం కదలకుండా గొడుగు కింద నిలబడ్డాడు. "సావుకారూ, తమరొక్కరు ఎక్కితే పదిమందిని ఎక్కించినట్టే" అన్నాను. బస్సంతా నవ్వింది. ఆయన మూతి ముడుచుకుని ఎక్కి, వెనక చక్రం మీది సీట్లోనే కూలబడ్డాడు. బస్సు చప్పుడు లేకుండా వంతెన దాటింది. కంభానికి జానెడు గీత, అంతే.

దారి మార్చావేమని బస్సు ఓనరు అడిగితే తాను చెప్పుకుంటానని ఖాదర్ బస్సును నేరుగా రైలు స్టేషనుకు పోనిచ్చాడు. ఆడవాళ్ళకు రైలు దొరికింది. మధ్యాహ్నానికి మగ్గం మా చెల్లెలి ముందుగదిలో నిలబడింది. ఆ పూట తిన్న జొన్నరొట్టె, వంకాయ కూర రుచి ఇప్పటికీ గుర్తుంది.

నాలుగు రోజుల తర్వాత నా పెట్టె తెచ్చుకోవడానికి ఎమ్మిగనూరు పోయాను. వంతెన కబురు నాకంటే ముందే చేరింది. మగ్గం విరిగిందట గదా అని బావగారు పలకరించాడు. "పడుగు ఎక్కించినా బావా. రేపు నేత మొదలు. చూడాలంటే ఆదోనికి రా" అన్నాను. ఆయన కండువా దులుపుకుని లోపలికి పోయాడు.

పెట్టె మోయడానికి వీధి చివరిదాకా అక్క వచ్చింది. అక్కంటే బావగారి భార్య, నాకు తోడికోడలు. పెళ్ళయిన నాటినుంచీ ఆ ఇంట్లో కండెలు చుడుతున్న మనిషి. మలుపు తిరిగాక పెట్టె కింద పెట్టి, వెనక్కి ఒకసారి చూసింది.

"జయా, నాకూ నేర్పిస్తావా? ఆడ ఇంగో మగ్గానికి తావుందా?"

ఉందన్నాను. నిజానికి లేదు.

సాయంత్రం అయిదింటి బస్సులో ఆదోనికి తిరుగుప్రయాణం. ఈ దారిలో కొత్తగా చూడాల్సిందేమీ లేదు. నల్లరేగడి చేలు, రాళ్ళగుట్టలు, దుమ్ము. అయినా ఇంత మంచి దారి ఇంకోటి లేదంటాను, ఎవరన్నా నవ్వుకున్నా సరే. దారి పొడుగునా నేను చెల్లెలి ముందుగదినే సర్దుతూ కూర్చున్నాను. మంచం వసారాలోకి, ధాన్యం గంప వంటింట్లోకి, కట్టెల మోపు పెరట్లోకి. చెల్లెలితో పేచీ తప్పదు. పడితే పడతాను గానీ, ఆ గదిలో రెండు మగ్గాలు ఆడాల్సిందే.