సుంకమ్మ పేరు రాసిన మస్తాన్

నిన్న పొద్దున ప్రొద్దుటూరు నుంచి ఫోన్. మస్తాన్ కూతురు.

"చాచా, అబ్బా పోయినాడు" అంది.

పులివెందులలో మా ఇంటి వరండాలో కాఫీ తాగుతున్నా. గ్లాసు కింద పెట్టడం కూడా తోచలేదు.

మొన్ననే కదా మా రిటైర్డ్ బ్యాచ్ గ్రూప్‌లో నేనేదో ఫార్వర్డ్ పెడితే, "ఎవురు చెప్పినార్రా ఇది? సోర్స్ యాడుంది?" అని వాయిస్ మెసేజ్ పెట్టి ఏడిపించాడు. నిన్నటి నుంచి అదే పెట్టుకుని వింటున్నా. నమ్మబుద్ధి కావడం లేదు.

వాణ్ణి తెలియనివాళ్ల కోసం రాస్తున్నా.

మస్తాన్‌ది మా వీధే, యూనివర్సిటీలో నా రూమ్మేట్. మగ్గం నేసే ఇంటి పిల్లోడు. ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన ఆ రోజుల్లో మా వీధిలో పీహెచ్‌డీ అనే మాటే ఎవరికీ తెలియదు. "ఇంత వయసొచ్చినా ఇంకా పాసు కాలేదా అప్పా?" అని వాణ్ణి జాలిగా అడిగేవాళ్లు.

టాపిక్ ఏమిటంటే, ఆడవాళ్లు పిండి విసురుతూ పాడే పాటలు. జమ్మలమడుగు, పులివెందుల, రాజుపాలెం చుట్టుపక్కల పల్లెలన్నీ సైకిల్ మీద తిరిగి రాసుకొచ్చాడు. ప్రతి పాట కింద ఫుట్‌నోట్. పాడింది ఎవరు, ఏ ఊరు.

గైడ్‌కి అది నచ్చేది కాదు. "జానపదానికి కర్త ఎవరయ్యా? సేకరణ అని నీ పేరు వేసుకో, చాలు" అనేవాడు.

"నాది కాని పాటకు నా పేరేంది సార్" అనేవాడు వీడు. మెత్తని మనిషే. ఈ ఒక్క విషయంలో మాత్రం మొండి ఘటం.

థీసిస్ ఇచ్చేశాడు. డాక్టరేట్ రాగానే ఊర్లోని కాలేజీలో లెక్చరర్ పోస్టు. మాట అయిపోయింది. వాళ్లమ్మ అప్పుడే వీధంతా చెప్పేసుకుంది.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది.

అందులో ఒక పాట ఉంది. కోడలు వానను బతిమాలుకుంటుంది, ముందు మా అమ్మగారి ఊర్లో కురిసి ఆ తర్వాతే అత్తగారి చేలోకి రా అని. చాలా గొప్ప పాట. గొప్పగా ఉండడమే కొంప ముంచింది. పరీక్షకుడిది కోస్తా వైపు. ఇది పల్లెటూరి ఆమె పాడింది కాదు, ఈ అబ్బాయే రాసుకున్నాడు అని ఆయనకు అనుమానం.

కడపకు ఏదో పని మీద వచ్చిన పెద్దమనిషి, బస్సెక్కి నేరుగా రాజుపాలెం పక్కన ఆ పల్లెకు వెళ్లాడు. ఫుట్‌నోట్‌లో ఉన్నట్టే "వెంకటేసు భార్య" ఎవరని అడిగాడు.

ఆ ఊర్లో ఉన్నది ఒకే ఒక్క వెంకటేసు. వాడికింకా పెళ్లి కాలేదు.

థీసిస్ వెనక్కొచ్చింది. ఆధారం కల్పితం అని రిపోర్టు.

ఇద్దరం ఆ పల్లెకు పరిగెత్తాం. ఆ పాట పాడినామె గొర్రెల దొడ్డి దగ్గర ఉంది.

"ఏమ్మా, మీ ఆయన పేరు వెంకటేసు కాదా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్కింటామె జవాబు చెప్పింది. "యాడి వెంకటేసప్పా? ఓబులేసు. ఆయమ్మ చెప్పల్యా, కొండమీద దేవుని పేరని?"

సంగతి అదీ. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. ఆమె కొండమీద దేవుడు అంది. మనవాడు తిరుపతి కొండ అనుకున్నాడు. ఆమె మనసులో ఉన్నది అహోబిలం కొండ, అక్కడి దేవుడు ఓబులేసు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క పేరు దిద్దితే గండం గట్టెక్కినట్టే. వీడు మాత్రం అక్కడే నిలబడిపోయాడు.

"నీ పేరేందమ్మా?" అన్నాడు.

"నా పేరెందుకప్పా? ఎవురూ అడగరే." నోటికి అడ్డమున్న కొంగు తీసి చెప్పింది. "సుంకమ్మ."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒకటే మాట. "పాడింది ఆయమ్మ. నేను రాసింది మొగుని పేరు. ఇంగ నేను నిజాయితీగా రాసినట్టు ఎట్లయితాదిరా?"

థీసిస్ అంతా అలాగే ఉంది మరి. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి. అప్పట్లో ఎవరైనా అలాగే రాసేవాళ్లు. గైడ్ కూడా ఒక్కటి దిద్ది పంపించేయమన్నాడు. నేనూ కాళ్లావేళ్లా పడ్డాను.

వినలేదు. తప్పు నాదే, పాట నిజం, అన్ని ఊర్లూ మళ్లీ తిరగాలి అని యూనివర్సిటీకి రాసి గడువు అడిగాడు. పోస్టు ఇంకొకరికి పోయింది. ఎర్రగుంట్లలో బడిపంతులుగా చేరి, సెలవు దొరికినప్పుడల్లా సైకిలెక్కి ఒక్కొక్క ఆడమనిషినీ సొంత పేరు అడిగి రాసుకొచ్చాడు. అప్పుడు వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఈరోజు తలుచుకుంటే గర్వంగా ఉంది, ఏడుపూ వస్తోంది.

డాక్టరేట్ వచ్చాక థీసిస్ తీసుకుని ఆ పల్లెకు వెళ్లాం. పేజీ తెరిచి, "ఈడుందమ్మా నీ పేరు" అని చూపించాడు. సుంకమ్మకు చదువు రాదు. చెయ్యి చీరకు తుడుచుకుని, అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇంత సన్నగా ఉండాదేందప్పా" అంది.

మస్తాన్ వంగి తనూ ఆ అక్షరాలు చూశాడు.

కొన్నేళ్లకు ఆ పాటలు పుస్తకంగా వేయించాడు. అందులో ఫుట్‌నోట్లు లేవు. ప్రతి పాటకూ పైన, పెద్ద అక్షరాల్లో, పాడిన ఆమె పేరు. వాడి పేరు ఎక్కడుందా అని వెతికాను. చివరి పేజీలో, అడుగున, సన్నగా ఉంది.

పోయిరా మస్తాన్. ఇంతమంది పేర్లు మోసి అలిసిపోయింటావు. ఇంక నెమ్మదిగా పడుకో మామా.