అరగని టైర్లు

ఈ రోజు అబుదాబి రువైస్‌లో మా టైర్ల షాపుకు బస్సంత మోటార్‌హోమ్ వచ్చింది. సౌదీ వెళ్తున్న గుంటూరు కుటుంబం. గాలి నింపమన్నారు. టైర్ల పక్కల సన్నని పగుళ్లు చూసి ఆగాను.

"గ్రిప్పు కొత్తగా ఉంది కదయ్యా, మార్చడం దేనికి?" అన్నాడు బండి యజమాని.

"నిలబెట్టినందుకే అరగలేదు సార్. ఎండకు లోపల రబ్బరు పాడైంది. లోడుతోని పోతే హైవేల పేలుతది."

టైరు మీద తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు చూపించాను. పదకొండేళ్లవి. ఆయన ఇంకా గ్రిప్పే తడుముతున్నాడు.

"పిల్లలు పడుకునేది దీంట్లోనేనండీ. ఖలాస్, ఇక చాలు, ఆరు టైర్లూ మార్పించండి," అంది ఆయన భార్య.

మార్చి పంపాక నా కారు టైర్ల అంకెలు చదివాను. ఎన్నేళ్లవో ఇక్కడ రాయను. ముందు మీవి చూసి చెప్పండి.