నలభై రెండో ఇల్లు

మా డానీ పోయినేడు డిసెంబరులో ఇరవై ఇద్దరు మనుషుల్ని, రెండు గిటార్లని, ఒక డోలక్‌ని, క్రిస్మస్ తాత వేషంలో ఉన్న నన్ను కలిపి విశాఖపట్నం ఓడరేవు నీళ్ల మీద నడిపించాడు. బైబిల్లో కూడా ఇంతమంది ఒకేసారి నడిచిన దాఖలా లేదు. నమ్మనివాళ్లు వాడి లాప్‌టాప్ తెరిచి చూసుకోవచ్చు. ఎర్ర గీత ఒకటి వన్‌టౌన్ సందుల్లో తిరిగి తిరిగి, పోర్టు గోడ దాటి నీళ్లలోకి దిగి, అటు మల్కాపురంలో ఒడ్డెక్కుతుంది.

డానీ మా ఇంటికి మూడిళ్ల అవతల ఉంటాడు. ఇంజనీరింగు మూడో ఏడు, కంప్యూటర్లు. నేనూ ఆ కాలేజీలోనే చేరి రెండో ఏట మానేశాను. నా లోటు నుంచి ఆ కాలేజీ ఇంకా కోలుకోలేదని వినికిడి. వాడు మాత్రం రోజూ ఉదయం ఆరున్నరకి బస్సెక్కి, మద్దిలపాలెం దాకా ఒంటికాలి మీద నిలబడి, అక్కడ సీటు దొరికితే ఆనందపురం దాకా నిద్రపోతాడు. పగలంతా రికార్డులు రాయడం, ల్యాబులో పనిచేసే మౌసు కోసం వెతకడం. సాయంత్రం మళ్లీ అదే బస్సు.

అసలు చదువు ఇంటికొచ్చాక మొదలవుతుంది. వాడి లాప్‌టాప్ ముగ్గురి చేతులు మారి వచ్చింది. బ్యాటరీ ఎప్పుడో పోయింది కాబట్టి వంటింట్లో ప్లగ్గు పక్కన నేల మీద కూర్చోవాలి. వాళ్లమ్మ మిక్సీ వెయ్యాలంటే వీడు ఆపాలి. దాని ఫ్యాను మోత విని నేవీ వాళ్లు తమ హెలికాప్టర్లు ఒకసారి లెక్కపెట్టుకున్నారని నేను అందరికీ చెబుతుంటాను.

ఎవరూ అడగని ప్రోగ్రాములు రాయడం వాడి సరదా. మా వీధి కుళాయికి నీళ్లు ఏ టైముకి వస్తున్నాయో మూడు నెలలు రాసిపెట్టి, రేపెప్పుడొస్తాయో చెప్పేది ఒకటి తయారుచేశాడు. అది చెప్పిన టైముకి బిందెలు పట్టుకుని ఆడవాళ్లు వచ్చేవారు, నీళ్లు వచ్చేవి కావు. ఫిషింగ్ హార్బర్లో అమ్మే చిట్టమ్మ కోసం ఏ చేప ధర ఎప్పుడు పెరుగుతుందో చెప్పేది ఇంకోటి. ఆవిడ ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, "నాను బుట్ట మూత తీత్తే వాసనకే తెలుత్తాది. నీ మిసనుకి ముక్కుందేటి?" అని అడిగింది. వాడు కాసేపు ఆలోచించి, లేదని ఒప్పుకున్నాడు.

వాళ్ల నాన్న యోహాన్ స్టీల్ ప్లాంటులో ఒక కాంట్రాక్టరు కింద క్రేను నడిపేవాడు. డానీ తొమ్మిదో తరగతిలో ఉండగా ఇల్లు వదిలి, మల్కాపురంలో నూకాలు అనే ఆవిడతో కాపురం పెట్టాడు. మా చర్చి సంఘం రిజిస్టరులో ఆయన పేరు కొట్టేశారు. డానీ తల్లి పుష్పకుమారి అత్త ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. ఆవిడ ఆయన్ని తిట్టగా మేమెవరమూ వినలేదు, తలవగానూ వినలేదు. ఆరేళ్లలో డానీ ఒక్కసారి కూడా తండ్రిని చూడలేదు. చూడాలని ఉండేది. కానీ ఒక్కడే వెళ్లి ఆ తలుపు కొడితే అమ్మకి ద్రోహం చేసినట్టు. అంతకంటే పెద్ద భయం, తలుపు తీసిన మనిషి "ఎవరు కావాలి?" అంటే ఏం చెప్పాలి?

క్రిస్మస్‌కి ముందు ఒక ఆదివారం మా యూత్ అంతా క్యారల్స్‌కి వెళుతుంది. పాస్టరు సుందర్ రాజ్ గారి లిస్టులో ఉన్న ప్రతి ఇంటి ముందూ పాట పాడతాం, ఆ ఇంటివాళ్లు తలుపు తీస్తారు, ఆయన ప్రార్థన చేస్తారు, కేకో టీయో పుచ్చుకుని కదులుతాం. గుమ్మం ముందుకొచ్చి పాడినవాళ్లని పొమ్మన్న ఇల్లు నేనెరగను. మాతో కలిసి వెళ్లినవాణ్ణి ఎవరు కావాలని ఎవరూ అడగరు. డానీ పట్టుకున్నది ఆ ఒక్క ముక్కనే.

ఏటా ఈ ఇళ్ల వరసకి పెద్ద గొడవ జరిగేది. పోయినేడు డానీ ముందుకొచ్చి, అన్నిళ్లూ తక్కువ నడకతో చుట్టొచ్చే దారిని ప్రోగ్రాం చెబుతుందన్నాడు. అంతే కాదు, ఎవరింటికి ఏ టైముకి వస్తామో ముందురోజే మెసేజ్ కూడా పంపుతుంది. వాళ్లమ్మ పాత ఫోనులో కొత్త సిమ్ము వేసి లాప్‌టాప్‌కి తగిలించాడు. పాస్టరు గారు నలభై ఒక్క ఇళ్ల లిస్టు ఇచ్చారు. ప్రోగ్రాంలోంచి నలభై రెండు బయటికొచ్చాయి. పద్దెనిమిదో నంబరు ఎదురుగా "కొత్త కుటుంబం" అని ఉంది. కంప్యూటరు కాగితం కదా, ఆయన చదవకుండానే సంతకం పెట్టారు.

అది వాళ్ల నాన్న ఇల్లని, ఆ దొంగతనం సంగతి నాకొక్కడికే తెలుసు. ఆ పాత ఫోనులో తండ్రి నంబరు చెరపకుండా అలాగే ఉంది. శనివారం సాయంత్రం ఆ నంబరుకి మెసేజ్ వెళ్లింది: రేపు ఆరూ పదికి మీ ఇంటికి క్యారల్స్. కింద చర్చి పేరే ఉంది.

వాడి తెలివికి దండం పెట్టాలి, తప్పు కూడా తెలివైనదే చేశాడు. ఇంటికీ ఇంటికీ మధ్య దూరాన్ని మ్యాపు మీద తాడు లాగినట్టు తిన్నగా కొలిచే ప్రోగ్రాం రాశాడు. వన్‌టౌన్‌లో అది చాలు. మా సందుల్లో ఇటు తుమ్మితే అటు ఇంట్లో ప్రార్థన చేస్తారు. నలభై ఒక్క ఇళ్లకీ లెక్క నిమిషం తప్పలేదు. తను దొంగతనంగా చేర్చిన ఒక్క ఇంటికే తప్పింది. పోర్టు గోడ దగ్గర నుంచి మల్కాపురం, తాడు లాగితే, కాస్త దూరమే. మధ్యలో ఓడలు తిరిగే నీళ్లున్నాయి. మనుషులు వెళ్లాలంటే కాన్వెంట్ జంక్షన్ మీదుగా చుట్టూ తిరిగి, లారీల వెనకాల పాక్కుంటూ పోవాలి. ఓడలు చూస్తూ పెరిగినవాడికి, నీళ్లున్నాయన్న సంగతే తట్టలేదు.

ఆదివారం నాలుగింటికి మొదలుపెట్టాం. నా దూది గడ్డం చూసి ఇద్దరు పిల్లలు ఏడ్చారు, ఒక ముసలాయన దండం పెట్టాడు. పదిహేడో ఇల్లు పోర్టు గోడ పక్కన. అక్కడ టీ తాగుతూ పాస్టరు గారు తరవాతెక్కడని అడిగారు. డానీ కాగితం చూశాడు, గోడ చూశాడు, గోడ మీంచి కనిపిస్తున్న క్రేనుల్ని చూశాడు. ఆ క్షణంలో వాడి మొహం నేను చూశాను. దాని గురించి ఇంతవరకు ఎవరికీ అతిశయోక్తిగా చెప్పలేదు.

మల్కాపురం అనగానే అందరూ నవ్వారు. డానీ మాత్రం ఇప్పుడే వెళ్దామని బతిమాలాడు. పాస్టరు గారిది తప్పని నేననను. ఇవతల ఇరవై నాలుగిళ్లలో ముసలివాళ్లు గుమ్మాల్లో కూర్చుని ఉన్నారు, వాళ్లందరినీ ఆపి ఒక్క ఇంటికి పోలేం కదా. మల్కాపురం ఆఖర్న పెట్టుకుందాం, ఆలస్యమవుతుందని వాళ్లకి కబురు చెప్పెయ్యమన్నారు.

లాప్‌టాప్ ఇంట్లో వంటింటి ప్లగ్గుకి ఉంది, పాత ఫోనూ దానితోనే ఉంది. డానీ జేబులో తన సొంత ఫోను ఉంది, తండ్రి నంబరు నోటికొచ్చు. ప్రతి ఇంటి దగ్గరా పాట అయ్యాక వెనక్కి తగ్గి ఫోను తీసేవాడు. అంకెలు నొక్కేవాడు, చెరిపేవాడు.

"సెయ్యరా, ఒక్క ముక్క సెప్పి పెట్టేయ్," అన్నాను.

"ఎవులని అడిగితే ఏటి సెప్పాలి బావా?"

"సర్చి నుంచి అని సెప్పు."

"నా గొంతు గుర్తుపట్టకపోతేనో?"

నేను దూది గడ్డం సరిచేసుకుని తరవాతి ఇంటి వైపు నడిచాను.

ఎనిమిదిన్నరకి ఇవతలి ఇళ్లన్నీ అయ్యాయి. నేనొక గూడ్సు వ్యాను మాట్లాడాను. వెనకాల నిలబడి, పోర్టు లారీల దుమ్ము తింటూ, మల్కాపురం చేరేసరికి తొమ్మిదీ పది. సందు చివర చిన్న పెంకుటిల్లు, చూరుకి కాగితపు నక్షత్రం, లోపల బల్బు వెలుగుతోంది. గుమ్మం ముందు అద్దెకి తెచ్చిన కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. ఒకటి మాత్రం వరసలో లేదు, సందు వైపు తిరిగి ఉంది.

పాట ఎత్తుకున్నాం. తలుపు తీసింది నూకాలు. యోహాన్ గొడవ రోజుల్లో ఆవిణ్ణి చూసినవాళ్లు మాలో ఉన్నారు కాబట్టి, ఎవరిల్లో అందరికీ తెలిసిపోయింది, పాట సగం గొంతుల్లో ఆగిపోయింది. పాస్టరు గారు ఒక్క క్షణం కళ్లు మూసుకుని, తనే గొంతెత్తి పాట పూర్తి చేశారు. పాస్టరు గారి మీద నాకున్న కోపాలన్నీ ఆ రోజుతో సగానికి తగ్గాయి.

"ఆయన లేరండి," అంది నూకాలు. "ఐదు గంటలకే స్నానం సేసి కొత్త సొక్కా ఏసుకుని ఆ కుర్సీలో కూకున్నాడు. సీ షిఫ్టు, రాత్రి డ్యూటీ కదండీ, కంపెనీ యేను బండి వచ్చీసింది. రెండుసార్లు ఆరను కొట్టినా కదల్లేదు, మూడోసారికి ఎల్లేడు. సర్చోళ్లు వత్తే కూకోబెట్టి కేకెట్టమన్నాడు. ఎంతసేపైందండీ, పావుగంట కూడా అవనేదు."

కేకు ముక్కలు కోసి రెండు పళ్లేల నిండా పెట్టి ఉంచారు. ఆవిడ ఒక్కొక్కరికీ ఇస్తూ డానీ దగ్గరికి వచ్చింది. వాడెవరో ఆవిడకి తెలియదు. తినవేమని అడిగింది. వాడు తిన్నాడు. నిలబడే తిన్నాడు. సందు వైపు తిరిగిన కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

మేమిద్దరం డానీ ఇంటికి వచ్చేసరికి పాత ఫోను వంటింటి గట్టు మీద బోర్లా పెట్టి ఉంది. వాడి ప్రోగ్రాం మెసేజీలు పంపుతుంది, వచ్చినవి చదవదు. ఆ భాగం రాయాలని వాడికి తోచలేదు. మూడు వచ్చి ఉన్నాయి. ఏడింటికి, ఎక్కడిదాకా వచ్చారని. ఎనిమిదింటికి, వస్తున్నారా అని. ఎనిమిదీ యాభైకి, నాకు డ్యూటీ ఉంది, ఇంట్లో మనిషి ఉంటుంది, తప్పక రండి అని. మూడూ అప్పటికే ఎవరో తెరిచి చదివారు. పుష్పకుమారి అత్త అన్నం వడ్డిస్తూ, తలెత్తకుండా అంది:

"నంబరు మార్సనేదన్నమాట."

అంతే. చారు పోసి వెళ్లి పడుకుంది.

మర్నాడు డానీ కాలేజీకి వెళ్లలేదు. తాడు దూరాలన్నీ తీసేసి, నిజం రోడ్ల దూరాలు పెట్టి, బండి మీద వెళ్లే మాట కూడా చేర్చి, నలభై రెండిళ్లనీ మళ్లీ లెక్క వేయించాడు. పిలిచి చూపించాడు. ఈసారి మల్కాపురం ఒకటో నంబరు, టైము నాలుగున్నర.

అప్పుడే ఎందుకు వెళ్లలేదంటారా? పరీక్షలు అన్నాడు. పరీక్షలు జనవరి నెలాఖరుకి అయిపోయాయి. ఫిబ్రవరిలో ఒక ఆదివారం, చర్చి అయ్యాక, నన్ను తోడు తీసుకుని వెళ్లాడు. పెంకుటింటికి తాళం, తలుపు మీద టు-లెట్ కాగితం. కాంట్రాక్టరు మనుషుల్ని ఒడిశాలో ఏదో ప్లాంటుకి మార్చాడని, సామాను లారీలో వేసుకుని ఇద్దరూ వెళ్లిపోయారని పక్కింటావిడ చెప్పింది. ఏ ఊరో ఆవిడకి తెలియదు. డానీ అక్కడే నిలబడి, తన సొంత ఫోనులోంచి మొట్టమొదటిసారి ఆ నంబరు నొక్కాడు. ఈ నంబరు వాడుకలో లేదని ఒక ఆడగొంతు మూడు భాషల్లో చెప్పింది. వాడు మూడూ పూర్తిగా విన్నాడు.

ఇదంతా రాసి వాడికి చదివి వినిపించాను. వాడు లాప్‌టాప్ ముందు కూర్చుని, హెలికాప్టర్ దగ్గర నవ్వాడు, చిట్టమ్మ దగ్గర నవ్వాడు. నేను ముగింపుకి ఒక గొప్ప వాక్యం రాసుకున్నాను. కొడుకు కోసం కొత్త చొక్కా వేసుకుని, డ్యూటీ బండిని రెండుసార్లు వెనక్కి పంపి, నాలుగు గంటల పాటు గుమ్మంలో కూర్చున్న తండ్రి విశాఖపట్నంలో ఇంకొకడు లేడని. వాడు టైపు చెయ్యడం ఆపి, నా వైపు తిరగకుండానే అన్నాడు:

"మెసేజ్ కింద నా పేరు నేదు బావా. ఆయన సూసింది సర్చోళ్ల కోసం."